ఒంటరిగా తాడిపత్రికి

జర్మనీలో చదివే మా చెల్లెలి కూతురు ఫోనులో, "ఒక్కదాన్నే తిరగడానికి మొదట వియన్నా ఎంచుకున్నా పెద్దమ్మా, రాత్రయినా రైళ్లుంటాయి" అంది. నలభై దాటినా తోడు లేకుండా శింగనమల పొలిమేర దాటనిదాన్ని. నేనూ లెక్క వేసుకున్నా. బస్సుండాలి, నలుగురు ఆడవాళ్లు కనబడాలి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. అయితే తాడిపత్రే!

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో మనకు చార్జీ లేదు కదా! ఆధార్ కార్డు, చిత్రాన్నం డబ్బా, నీళ్ల సీసా సర్దుకున్నా. "ఒక్కదానివే ఏం పోతావు?" అన్నారు మావారు. "సాయంత్రానికి వస్తా" అన్నా.

పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం. గోపురాలు పూర్తికాకున్నా ఆ రాతి చెక్కడం చూస్తే చూపు తిప్పుకోలేం. లింగం దగ్గర నీటి ఊట. కరువుసీమ మనుషులం, నీళ్లు కనబడితే కదలబుద్ధి కాదు. "ఇంక పద" అనేవాళ్లు లేక గంటసేపు కూర్చున్నా.

ఇంటికొచ్చేసరికి మావారు అన్నం వండిపెట్టారు. కాస్త పలుకే. అక్కయ్యలూ, మొదట దగ్గరి ఊరే చూసుకోండి. నేను వచ్చేసారి లేపాక్షి!