సర్పరస్త్ దస్తఖత్

పోయిన సాల్ బక్రీద్ అయిన వారానికి, మగ్రిబ్ అజాన్‌కి ఇంకో పావుగంట ఉందనగా, ఆ అబ్బాయి నాచారంలో మా ఇంటి గేటు తట్టాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. కవర్లో ఇంటర్ మెమో, ఆధార్ జిరాక్స్, హాస్టల్ ఫారం. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప అవతలే నిలబడి ఫారం చాపాడు.

"ఖాలా, ఇక్కడొక దస్తఖత్ కావాలి."

తండ్రి పేరు దగ్గర చిన్న గీత. తల్లి పేరు దగ్గర ఇంకో గీత. కింద సంరక్షకుని సంతకం అని ఒక గడి. అది ఖాళీగా ఉంది.

ఆ అబ్బాయి మాకు అంతకు ముందు రంజాన్‌లో తెలిశాడు. మా మస్జిద్‌లో ఇఫ్తార్ ప్లేట్లు సర్దుతుంటే మా ఆయన పలకరించారట. చిన్నప్పుడే అమ్మీ అబ్బా ఇద్దరూ పోయారు. యతీంఖానాలో పెరిగాడు. 18 నిండగానే అక్కడి నుంచి బయటికి పంపేశారు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో రాత్రి డ్యూటీ చేస్తూ, చిలకానగర్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. ఆ నెలంతా మా ఇంటి నుంచి హలీమ్, దహీ వడే పంపాను. ఈద్‌కి ఒక జత బట్టలు కూడా ఇచ్చాను. లోపల్లోపల నా మీద నాకే బాగా ఖుషీగా ఉండేది, నిజం చెప్పొద్దూ.

కానీ దస్తఖత్ అడిగేసరికి నా చెయ్యి ముందుకు రాలేదు. "మా ఆయన్ని అడిగి చెప్తా బేటా, ఇన్షా అల్లా" అన్నాను.

ఇన్షా అల్లా. చేస్తాం అని చెప్పాల్సిన చోట వాడే మాటను, చెయ్యం అని చెప్పలేని చోట అడ్డం పెట్టుకుంటాం మనం. ఆ మాట ఎప్పుడు ఏ అర్థంలో వస్తుందో యతీంఖానా పిల్లలకు మనకంటే బాగా తెలుసు. "జీ ఖాలా" అని ఫారం మళ్లీ కవర్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నా భయాలు ఏమంత కొత్తవి కావు. రేపు ఫీజు బాకీ పడితే నా మీదికి వస్తే? ఏదైనా గొడవలో ఇరుక్కుంటే? పక్కింటి ఆపా అయితే సీదాగానే అంది: "ఇంట్లో ఆడపిల్లను పెట్టుకుని, జవాన్ పోరడికి సర్పరస్త్ అవుతావా? లోగ్ క్యా కహేంగే?" ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. ఎందుకంటే అది నా మనసులో ఉన్న మాటే, వేరే నోటి నుంచి వచ్చింది.

ఆ రాత్రి ఏదో కాగితం కోసం మా అబ్బాయి ఇంజనీరింగ్ అడ్మిషన్ ఫైలు తీశాను. అందులో తొమ్మిది చోట్ల దస్తఖత్‌లు ఉన్నాయి. కొన్ని నావి, కొన్ని వాళ్ల అబ్బావి. లోకల్ గార్డియన్ అని ఒక చోట వాళ్ల మామూది. వాడికి 19 ఏళ్లు. బట్టలు ఎక్కడ ఉతికించాలో అడగడానికి కూడా ఫోన్ చేస్తాడు. వాడి వెనక ఎంతమంది నిలబడి ఉన్నారో అప్పటిదాకా నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు కాబట్టి.

ఇక్కడ ఒక తమాషా చూడండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లే పిల్లలు. 18 నిండితే నువ్వు పెద్దవాడివి, ఈ ఇల్లు నీది కాదు అంటారు. మర్నాడు హాస్టల్‌కి వెళ్తే నువ్వు చిన్నవాడివి, పెద్దల దస్తఖత్ పట్రా అంటారు. పెద్దవాడైనందుకు ఇల్లు పోయింది. చిన్నవాడైనందుకు గది దొరకదు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులో పడిపోతున్నారు మన పిల్లలు.

చట్టం ఆ సందును అసలు చూడలేదని కాదు. అదే చట్టం 46వ సెక్షన్‌లో, 18 నిండి బయటికొచ్చిన పిల్లలు సమాజంలో కుదురుకోడానికి డబ్బు సాయం చెయ్యవచ్చని ఉంది. ఆఫ్టర్ కేర్ అంటారు దాన్ని. రూల్స్ ప్రకారం 21 ఏళ్ల దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా. కేంద్రం మిషన్ వాత్సల్య స్కీంలో నెలకు 4,000 రూపాయలు అని రాశారు. ఇది జిల్లా బాలల సంరక్షణ యూనిట్ ద్వారా రావాలి. కానీ చెయ్యవచ్చు అనే మాటకీ, చెయ్యాలి అనే మాటకీ మధ్య ఎంత దూరముందో దఫ్తర్‌ల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. ఆ అబ్బాయికి ఆ స్కీం పేరు కూడా ఎవరూ చెప్పలేదు.

కోవిడ్‌లో తల్లిదండ్రులు పోయిన పిల్లలకు 2021 మేలో పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ వచ్చింది. 18 నుంచి 23 దాకా నెల నెలా స్టైపెండ్, 23 నిండాక 10 లక్షలు. మంచి పని. అయితే కోవిడ్ కాలంలో పోయినవాళ్ల పిల్లలకే అది. ఈ అబ్బాయి అమ్మీ అబ్బా అంతకు చాలా ముందే పోయారు. మౌత్ తారీఖును బట్టి కూడా నసీబ్ మారుతుందన్నమాట.

రెండు రోజులు గడిచాయి. మా ఆయన సంగతి విని ఎక్కువేం మాట్లాడలేదు. "పెట్టాల్సింది" అన్నారు, అంతే. మూడో రోజు నేనే చిలకానగర్ వెళ్లాను. గది ముందు బకెట్లో బట్టలు నానేసుకుంటున్నాడు. ఫారం తెమ్మన్నాను.

"అయిపోయింది ఖాలా. మా సూపర్‌వైజర్ సార్ పెట్టారు."

ఆ సూపర్‌వైజర్ ఘట్‌కేసర్ అవతలి ఊరి నుంచి రోజూ బండి మీద వచ్చే హిందువు. షిఫ్ట్ దిగే ముందు, తెల్లవారుజామున, అట్టపెట్టె మీద ఫారం పెట్టుకుని దస్తఖత్ చేశాడట. ఒక్క సవాల్ కూడా అడగలేదట. నాకు షరమ్ అనిపించింది. ఆయన చేసినందుకు కాదు, అల్లా ఆయన్ని చల్లగా చూడాలి. ఫిత్రా, జకాత్, సదఖా అని రంజాన్ నెలంతా లెక్కలు వేసుకునే మొహల్లా ఇది. అందులో ఆ పిల్లాడికి ఒక్క దస్తఖత్ పుట్టలేదు. డబ్బు ఇస్తాం. పేరు ఇవ్వం.

మన దగ్గర దీనికి ఒక దలీల్ కూడా తయారుగా ఉంటుంది. బాలిగ్ అయ్యాక యతీం కాడు కదా అంటారు. ఫిఖ్‌లో ఆ మాట సహీయే. కానీ సూరె నిసాలో యతీంల ఆస్తి అప్పగించే సంగతి వచ్చినప్పుడు వయసు ఒక్కటే చూడమనలేదు. రుష్ద్ కూడా చూడమంది. అంటే మంచిచెడ్డలు తెలుసుకుని తన పనులు తాను నడుపుకోగల తెలివిడి. వయసు క్యాలెండర్‌తో వస్తుంది. రుష్ద్ పక్కన ఎవరో ఒకరు నిలబడితే వస్తుంది. ఇక జకాత్ సంగతికొస్తే, సూరె తౌబాలో చెప్పిన ఎనిమిది మందిలో యతీం అనే పేరే లేదు. ఫకీర్, మిస్కీన్ ఉన్నారు. కాబట్టి 18 దాటాడు, యతీం కాదు, జకాత్ చెల్లదు అనే మాట నిలబడదు. పేదవాడైతే చాలు. అనుమానముంటే మీ ఇమామ్ సాబ్‌ని అడగండి.

ఇంకో సంగతి ఆలోచించాను. మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లం పుట్టకముందే తండ్రి పోయారు. ఆరేళ్లకు తల్లి, ఎనిమిదేళ్లకు దాదా. తర్వాత చాచా అబూ తాలిబ్ దగ్గర పెరిగారు. ఈ ఖిస్సా మన పిల్లలందరికీ చెప్తాం. అయితే అబూ తాలిబ్ సర్పరస్తీ ఎప్పటిదాకా సాగింది? మక్కా అంతా ఎదురు తిరిగినప్పుడు కూడా ఆయన వెనక్కి తగ్గలేదు. ఆయన పోయేనాటికి నబీకి దాదాపు 50 ఏళ్లు. పెద్దవాడివయ్యావు, ఇక నీ దారి నువ్వు చూసుకో అని ఆ చాచా ఎప్పుడూ అనలేదు.

హాస్టల్‌లో చేరాడు కదా, ఇక ఫికర్ లేదనుకున్నాను. దసరా సెలవులొచ్చాయి. హాస్టల్‌కి తాళం వేశారు. ఆ సాయంత్రం నేను ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కూరగాయలు కొనుక్కుని వస్తున్నాను. మీరు చూసే ఉంటారు, పండక్కి ముందు అక్కడ నిలబడడానికి చోటుండదు. వరంగల్, హన్మకొండ, జనగామ బస్సుల కోసం బ్యాగులతో జనం, మెట్రో దిగి వచ్చేవాళ్లు, ఆటోల కేకలు. ఆ గుంపులో బ్యాగు తగిలించుకుని ఈ అబ్బాయి కనిపించాడు. ఎక్కడికి పోతున్నావు బేటా అంటే నవ్వాడు.

"ఎక్కడికీ లేదు ఖాలా. అందరూ పోతుంటే హాస్టల్‌లోంచి బయటికొచ్చిన."

పాత గదిలో తన చోటు వేరేవాళ్లకు ఇచ్చేశారట. రాత్రి డ్యూటీ ఉంది కాబట్టి రాత్రికి ఫికర్ లేదట. పగలు మస్జిద్‌లో జొహర్ దాకా నడుం వాల్చొచ్చని, తర్వాత లైబ్రరీ అని, అంతా లెక్క వేసుకుని పెట్టుకున్నాడు. ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లనే మనం బేఘర్ అనుకుంటాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో కాలేజీ ఐడీ కార్డుతో ఉన్న బేఘర్‌ని గుర్తుపట్టం.

అమెరికాలో ఉండే మా చెల్లెలికి ఈ సంగతి చెప్తే, అక్కడా ఇదే కథ ఆపా అంది. అక్కడ యతీంఖానాలకు బదులు ఫోస్టర్ కేర్. 18 దాటిన పిల్లలు కాలేజీలో చేరినా నిలవలేకపోతుంటే, 1998లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. తర్వాత చాలా కాలేజీలు అదే దారి పట్టాయి. 2008లో వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ ఇలాంటి పిల్లల కోసమే సీటా స్కాలర్స్ పెట్టింది. ఫోస్టర్ కేర్‌లో పెరిగి చదువుకున్న జాన్ సీటా పేరు మీద. ఫీజు సాయం ఒక్కటే కాదు వీటిలో. సెలవుల్లో ఉండడానికి గది, కష్టమొస్తే వెళ్లి తలుపు తట్టడానికి క్యాంపస్‌లోనే ఒక మనిషి. ఫుల్లర్టన్ వాళ్లు దానికి పెట్టిన పేరు గార్డియన్ స్కాలర్స్. గార్డియన్, అంటే సర్పరస్త్. మా గేటు దగ్గర నేను ఖాళీగా వదిలేసిన గడిలో ఉన్న మాటే.

మన దగ్గర ఏమీ లేదని కాదు. నాంపల్లిలో అనీసుల్ గుర్బా ఎంతో మంది యతీం పిల్లల్ని పెంచింది. ప్రభుత్వ స్కూళ్ల ఖాళీ గదుల్లో రెయిన్‌బో హోమ్స్ వీధి పిల్లలకు ఇల్లయ్యాయి. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి. డిగ్రీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. కానీ ఫీజు కాలేజీకి పోతుంది. తల మీద కప్పు ఎవరిస్తారు? ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఎవరి ఆదాయం మీద తేవాలి? మన వాళ్లకు బీసీ-ఇ అంటే షేక్ అయితే ఉంది, సయ్యద్, పఠాన్ అయితే లేదు. తండ్రి ఎవరో కాగితం లేని పిల్లాడు తాను షేకో సయ్యదో ఎలా రుజువు చేస్తాడు? మీలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. పదేళ్లలోపే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసుకునే దిక్కు లేక, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన అనాథాశ్రమంలో, స్కూల్లో చేరిన పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఎ జాబితాలో ఉన్నారు. యతీంఖానా కాగితాలు పారేసుకోవద్దని అలాంటి పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఆ దసరాకి అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చాను. మేడ మీది గదిలో పాత సామాన్ తీసి మా ఆయన మంచం వేశారు. వచ్చిన మొదటి రోజు రెండు రొట్టెలు తిని చాలన్నాడు. తిన్న ప్లేటు తనే కడిగాడు. నేను వద్దంటే భయపడ్డాడు. తర్వాత తెలిసింది, వద్దనకూడదని. ప్లేటు కడిగితేనే ఆ ఇంట్లో కూర్చునే హక్ ఉందనుకుంటాడు. ఇప్పుడు మా పిల్లల చేత కూడా ఎవరి ప్లేటు వాళ్లచేతే కడిగిస్తున్నాను. పక్కింటి ఆపా నాలుగు రోజులు మొహం ముడుచుకుంది. ఐదో రోజు వాళ్ల గ్యాస్ సిలిండర్ పైకి మోసింది ఈ అబ్బాయే.

నేనేదో గొప్ప పని చేశానని ఇదంతా రాయడం లేదు. అడిగినప్పుడు చెయ్యలేదు కాబట్టే రాస్తున్నాను. ఆ మొదటి ఫారంలో ఇప్పటికీ నా పేరు లేదు, ఉండదు.

నేను అడిగేది కొంచెమే. మీ మొహల్లాలో ఇలాంటి పిల్లలుంటారు. ఆడపిల్లలైతే ఇంకా మజ్బూరీలో ఉంటారు, పగలు మస్జిద్‌లో నడుం వాల్చే వీలు కూడా వాళ్లకు లేదు. జకాత్ ఇచ్చేటప్పుడు ఒక పిల్ల ఏడాది హాస్టల్ కిరాయి లెక్క వేసి చూడండి. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కి అర్జీ పెట్టేటప్పుడు తోడు వెళ్లండి. సెలవులకు ముందు, ఎక్కడికి పోతున్నావు బేటా అని ఒక్కసారి అడగండి. ఫారం తెస్తే చదవండి, భయమేస్తే దేనికి పూచీ పడుతున్నారో అడిగి తెలుసుకోండి, ఆ తర్వాత దస్తఖత్ చెయ్యండి.

పోయిన నెల హాస్టల్ వార్డెన్ నుంచి ఫోన్ వచ్చింది. అబ్బాయికి జ్వరం, ఈ నంబర్ ఇచ్చాడు, మీరు అతనికి ఏమవుతారమ్మా అన్నారు.

ఖాలానండీ, వస్తున్నాను అని చెప్పాను.