మేము పూజించిన ఎర్ర సిలిండరు

అరకులోయలో మా ఇంటివారు పాఠములు చెప్పు ఆశ్రమపాఠశాల ప్రక్కనే మా నివాసము. ఆ బడి వంటశాల గోడకు మంటలార్పెడి ఎర్ర సిలిండ రొకటి వ్రేలాడుచుండెడిది. ఏటేట దసరాకు మేమే దానికి పసుపుకుంకుమలు పెట్టి, బంతిపూలదండ వేసి ఆయుధపూజ చేయుచుంటిమి. దాని మెడయందలి చిన్న బిళ్ళలో ముల్లెక్కడ నున్నదో మాత్ర మొక్కనాడును చూచి యెరుగము.

గత శీతకాలమున నొక ఆదివారము పిల్లలకు గారెలు వేయుచుండగా మూకుడులోని నూనె మితిమీరి కాగి భగ్గున నంటుకొనెను. మేము తొందరపడి చెంబెడు నీరు అందులో పోసితిమి. భారతము చదివినవారమే, కడుపునిండ నేయి త్రాగిన అగ్నిదేవుడు ఖాండవమును దహించునపుడు ఇంద్రుని వానయు పనికిరాలేదని పిల్లలకు కథ చెప్పినవారమే. ఆ క్షణమున నేమియు జ్ఞప్తికి రాలేదు. నీరు నూనెకన్న బరువైనది. అడుగునకు దిగి ఒక్కసారిగా ఆవిరియై మండు నూనెను పైకి చిమ్మును. మంట కప్పునంటెను. వంటచేయు అప్ప ముంజేయి కాలెను. బియ్యపు బస్తాలను త్రోసి సిలిండరును లాగితిమి. ముల్లు ఎర్రగీతలో నుండెను. మీట నొక్కగా చారెడు పొడి రాలి ఊరకుండెను. ఈలోగా అప్ప, కాలిన చేతితోనే, పొయ్యి కట్టివేసి పెద్ద గుండిగమూతను ప్రక్కనుండి జరిపి మూకుడుపై కప్పినది. ఆమె బడి మెట్టెక్కి యెరుగదు.

ఆ చేతిని ఇరువది నిమిషములు పారునీటి క్రింద నుంచి ఆస్పత్రికి తీసికొనిపోయితిమి. పసుపు పూయవచ్చినవారిని మా ఇంటివారు వారించిరి. ఆమె మమ్మొక్కమాటయు ననలేదు. అదియే మాకు నిద్ర పట్టనీయలేదు.

పిమ్మట అగ్నిమాపక సిబ్బందిని పిలిపించి మేమును నేర్చుకొంటిమి. ఇంటికి కొనవలసినది ఏబీసీ పొడి సిలిండరు. కట్టె, గుడ్డ, కిరసనాయిలు, గ్యాసు, కరెంటు మంటలన్నిటికిని పనికివచ్చును. ఐఎస్ఐ ముద్రయు, ఐఎస్ 15683 సంఖ్యయు చూడవలెను. పొడి 4 కిలోలైనను ఇనుముతో కలిపి బరువు మిక్కుట మగును. ఎత్తలేనివారు 2 కిలోలది కొనుట మేలు. కార్బన్ డయాక్సైడుది విద్యుత్ యంత్రములకు మంచిది, పొడి మిగులదు. కాని ఇరుకుగదిలో ఊపిరాడనీయదు, దాని కొమ్మును పట్టుకొన్నచో చలికి చేయి కమలును. దానికి ముల్లుండదు, తూచి చూడవలసినదే. మూకుడులోని నూనెకు మాత్రము మూతయే మొదటి మందు. దగ్గరనుండి పొడి కొట్టినచో నూనె చిందును. పొడి చల్లార్చదు గనుక మరల నంటుకొనవచ్చును. గ్యాసు మంటయైనచో ముందు రెగ్యులేటరు కట్టవలెను. వాయువు కారుచుండగా మంట నార్పినచో, నిండిన వాయువు మరల నంటుకొని పేలును.

దానిని పొయ్యిపైన గాక వాకిటి దగ్గర తగిలింపుడు. వీపు వాకిటివైపు నుంచి, ఆరేడడుగుల దూరమున నిలిచి, సూది లాగి, గొట్టమును మంట మొదటికి గురిపెట్టి, మీట నొక్కి, అటునిటు ఊడ్చినట్లు త్రిప్పవలెను. మేము మొదట జ్వాల శిఖరముపై కొట్టితిమి. పొడి యంతయు గాలిపాలయ్యెను. అది వచ్చునది కొన్ని క్షణములే సుమండీ! బుట్టెడు మంట కది చాలును గాని, ఇంటికప్పు నంటిన మంటకు చాలదు. విశాఖ చేపలరేవులో 2023 నవంబరు 19 రాత్రి పుట్టిన నిప్పు ఎన్నో బోట్లను బూడిద చేసినది గదా! పొగ తలయెత్తున దిగినచో సిలిండరును విడిచి పిల్లలతో బయటపడి 101కి ఫోను చేయవలెను. మా ఘాటుమలుపులలో ఫైరింజను ఎగబ్రాకి వచ్చుటకు ఆలస్యమగును గనుక ఆ మొదటి నిమిషము మాదే. ఒక్కమా రించుక వాడినను మరల నింపించవలెను.

క్రొత్త సిలిండరు వచ్చినది. బస్తాలు చోటు మారినవి. ప్రతినెల మొదటి దినమున అప్ప మచ్చపడిన చేతితో కొంగున దుమ్ము తుడిచి, మా గుమ్మము కడకు వచ్చి, "అమ్మగారూ, ముల్లు పచ్చలోనే ఉంది" అని చెప్పి పోవును. మేమును లేచి పోయి చూచి వత్తుము.