బిడ్డలతో ఫ్రాయిడెన్‌స్టాట్ ప్రయాణము

జర్మనీదేశపు నైరుతిభాగమున స్టుట్‌గార్ట్ అను పట్టణము కలదు. చుట్టును కొండలు, నడుమ లోతైన పల్లము. ఆ పల్లమును అచ్చటివారు తమ భాషలో కాగు అని వ్యవహరింతురు. ఊరి నడుమనుండియే కనబడునంత చేరువలో కొండవాలులయందు ద్రాక్షతోటలు వరుసలు తీరియున్నవి. మా అమ్మాయియు అల్లుడును అచ్చట కాపురముండుటచే, మన యెండలు ముదురకముందే బయలుదేరి, మేమును మావారును ఏప్రిల్, మే మాసములు వారియింట గడపితిమి. ఇంటిలో మూడున్నరయేండ్ల మనుమరాలును ఎనిమిది మాసముల మనుమడును ఉన్నారు. వారిని విడిచి చూడవలసిన వింతలు మాకు వేఱేమియు లేకపోయినను, ఒక యూరు మాత్రము చూచి వచ్చితిమి. ఆ ప్రయాణమునకై పడిన పాట్లును, అందువలన మేము నేర్చుకొనిన సంగతియు సోదరీమణులకు తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

స్టుట్‌గార్ట్ మోటారుబండ్లకు పుట్టినిల్లు వంటిది. 2006లో మెర్సిడెస్-బెంజ్ వారును, 2009లో పోర్షె వారును ఇచ్చట గొప్ప ప్రదర్శనశాలలు తెరచిరి. మా అల్లునికి చిన్ననాటినుండియు పోర్షె 911 అను పందెపుబండివంటి చిన్నకారుపై మనసు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున మొదట లోకమునకు చూపబడిన యీ బండికి ఇంజను వెనుకభాగమున నుండును. ముందు ఇద్దఱు కూర్చుండుటకు మంచి ఆసనములు. వాని వెనుక రెండు చిన్న గుంటలు. వానిని ఆసనములనుట మర్యాదకే గాని, పెద్దవారు కూర్చుండినచో మోకాళ్లు గడ్డమునకు తగులును. అతడు పెండ్లికి ముందే, ఒకరు వాడిన బండిని కొని ప్రాణముగా చూచుకొనుచుండెను. రెండవబిడ్డ పుట్టినది మొదలు అది షెడ్డులో గుడ్డ కప్పుకొని నిలిచియున్నది. "పిల్లల ఆసనములు రెండును దీనిలో సరిగా నమరినచో ఉంచుకొందును, లేనిచో అమ్మివేయుదును" అని అతడు నిశ్చయించుకొనెను. నల్లయడవి యను పర్వతప్రాంతమునందలి ఫ్రాయిడెన్‌స్టాట్‌కు ఆదివారమునాడు పోవలెనను సంకల్పము ఆ పరీక్షకొఱకే యేర్పడినది.

మాకిది యొక చిక్కుగానే తోచలేదు. "పెద్దదానిని వెనుక కూర్చుండబెట్టుడు. చంటివానిని మా యొడిలో నుంచుకొని ముందు కూర్చుందుము. ఒడికంటె మెత్తని ఆసనము ఏ దుకాణమున దొరకును?" అంటిమి. అల్లుడు నవ్వి యూరకుండెను. అమ్మాయి మాత్రము "వద్దమ్మా" అనెను. ఆ మాట మా మనసునకు నొచ్చినది. "నిన్ను పెంచిన యొడియే గదా యిది!" అంటిమి. ఆమె బదులు చెప్పక, వంగి చంటివాని తొట్టిపట్టీలు సవరించుచుండెను. జుట్టు ప్రక్కకు తొలగి యెడమకనుబొమమీది మచ్చ కనబడెను. మాకిక నోట మాట రాలేదు.

ముప్పదియేండ్ల క్రిందట మేము అద్దెకారులో విజయవాడనుండి ఏలూరు పోవుచుంటిమి. రెండేండ్ల యీ బిడ్డను ఒడిలో నుంచుకొని ముందు కూర్చుంటిమి. హనుమాన్ జంక్షను దాటిన పిమ్మట ఒక గేదె త్రోవకడ్డము వచ్చెను. డ్రైవరు బ్రేకు త్రొక్కెను. బండి దేనికిని తగులలేదు. గేదె తన దారిని తాను పోయెను. కాని బిడ్డ మా చేతులలో లేదు. కనుబొమ బండి ముందుపలకకు కొట్టుకొని నాలుగు కుట్లు పడినవి. తల్లి గట్టిగా పట్టుకొనలేదని బంధువులు అనిరి. మేమును అట్లే యనుకొని యిన్నియేండ్లును లోలోపల కుందుచుంటిమి.

ఆనాటి రాత్రి భోజనములైన పిమ్మట అల్లుడు కాగితముమీద లెక్క వేసి చూపెను. "అత్తయ్యగారూ, గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు బండి గోడకు గ్రుద్దుకొన్నచో బండి యాగును గాని లోనివారి వేగమాగదు. ఆ వేగము 10 మీటర్ల యెత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదినుండి పడినవాని వేగమునకు సమానము. ఆ రెప్పపాటుకాలమున 9 కిలోల బిడ్డ ఇరువదిరెట్లు బరువైనట్లు ముందునకు లాగును. అనగా 180 కిలోలు. ఏ చేతులు పట్టగలవు?" అనెను. అమ్మాయి మా ప్రక్కకు వచ్చి కూర్చుండి, "నీవు గట్టిగానే పట్టుకొనియుందువమ్మా. ఎవరును పట్టుకొనలేరు" అనెను. ఆ యొక్కమాటతో ముప్పదియేండ్ల బరువు మా గుండెమీదినుండి దిగిపోయినట్లయ్యెను.

చంటిబిడ్డలను వెనుకకు ముఖము పెట్టి కూర్చుండబెట్టుటకు కారణము కూడ అప్పుడే తెలిసినది. పసివాని తల శరీరపు పొడవులో నాలుగవవంతు, మెడ లేత. ముందునకు ముఖముండి బండి హఠాత్తుగా నాగినచో ఆ తలబరువంతయు మెడమీద పడును. వెనుకకు తిరిగియున్నచో తల, మెడ, వీపు మూడింటిని తొట్టియే ఒక్కమాఱు ఆనుకొనును. వ్యోమగాములు రాకెట్టులో వీపు నానించి పరుండు విధమును చూచి, స్వీడనుదేశపు ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ 1964లో ఇట్టి ఆసనమును చేసి పరీక్షించెను. నేటి ఐరోపా నూతననిబంధన ప్రకారము చేసిన ఆసనములలో పదునైదుమాసములు నిండువఱకు బిడ్డ వెనుకకు తిరిగియే యుండవలెను.

శనివారము ఉదయమున పని ప్రారంభమయ్యెను. స్నేహితులిచ్చిన పెద్ద ఆసనమును వెనుకగుంటలో పెట్టి చూచితిమి. దాని అడుగు గుంటకంటె వెడల్పు. ఒక ప్రక్క పైకి లేచి, కాలు పొట్టియైన పీటవలె కదలసాగెను. బలముగా నొక్కి కట్టినను అట్టిది పనికిరాదట. బెల్టు పోవుచోట పట్టి ఊపిచూచినప్పుడు అంగుళమునకు మించి కదలరాదు. అంతట బండినే దుకాణమునకు తోలుకొనిపోయిరి. కొనకముందే బండిలో పెట్టి చూచుకొనుటకు అచ్చట సమ్మతింతురు. మొదటిది వెడల్పు, రెండవదాని వీపు బండి పైకప్పు వాలునకు తగిలెను, మూడవది గుంటలో అచ్చుగ్రుద్దినట్లు కూర్చుండెను.

చంటివాని తొట్టికి ముందు ఆసనము తప్ప వేఱు చోటు లేదు. కాని ముందుపలకలో ఎయిర్‌బ్యాగు అను గాలితిత్తి దాగియుండును. ప్రమాదమున అది తుపాకిగుండువలె విచ్చుకొనును. పెద్దవారిని కాచు ఆ తిత్తియే వెనుకకు తిరిగిన తొట్టిని వీపున కొట్టి బిడ్డప్రాణము తీయగలదు. అందుచే అది పనిచేయుచున్నచోట అట్టి తొట్టిని పెట్టుట జర్మనీలో చట్టవిరుద్ధము. ఈ బండిలో తాళపుచెవితో ఆ తిత్తిని ఆపు ఏర్పాటు కలదు. అల్లుడు చెవి త్రిప్పి, ఆగినదని తెలుపు దీపము వెలుగుట అందఱకును చూపెను.

అప్పుడసలు చిక్కు బయటపడినది. తొట్టి ముందుపలకకు తగులకుండుటకై ముందు ఆసనమును వెనుకకు జరుపగా, దాని వెనుకగుంటలో మనుమరాలి కాళ్లకు చోటు లేదు. సరే, పిల్లను రెండవప్రక్కను, తోలువాని వెనుక కూర్చుండబెట్టుదమన్నచో, మా అల్లుడు ఆఱడుగుల పొడగరి. ఆతడు కూర్చుండినచో ఆ గుంటయు మాయమగును. ఒకటి జరిపిన వేఱొకటి అడ్డము! మావారు అన్నియు చూచి, "పొట్టివారు తోలినచో సరిపోవును గదా" అనిరి. అందఱమును అమ్మాయివైపు చూచితిమి. ఆమె కూర్చుండి ఆసనమును ముందునకు జరుపుకొనెను. వెనుక మనుమరాలు, ప్రక్కన చంటివాడు, మిగిలిన గుంటలో పాలసీసాలు, గుడ్డల సంచి. ఎక్కడివి అక్కడ అమరినవి. ప్రాణముగా చూచుకొనిన బండిలో అల్లునికే చోటు లేకపోయెను! ఆతడు మాతో రైలెక్కుట నిశ్చయమయ్యెను.

ఇందులో వింత యేమనగా, లోకములో మొట్టమొదటి దూరపు కారుప్రయాణమును చేసినదియు, ఈ ప్రాంతముననే, ఇద్దఱు బిడ్డలను వెంటబెట్టుకొనిన యొక తల్లియే. కారును నిర్మించిన కార్ల్ బెంజ్‌గారి భార్య బెర్తా 1888 ఆగస్టులో, భర్తకు ముందుగా తెలుపకయే, ఇద్దఱు కుమారులతో మాన్‌హైమ్‌నుండి నూఱు కిలోమీటర్లకు పైబడిన ఫోర్ట్స్‌హైమ్‌కు, తన పుట్టినింటికి, ఆ బండిలో పోయెను. త్రోవలో నూనెగొట్టము పూడిపోగా టోపిసూదితో శుభ్రపఱచెను. ఇంధనమును మందులదుకాణమున కొనెను. అరిగిన బ్రేకులకు చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించెను. ఆ బండి వేగము గంటకు 16 కిలోమీటర్లకు మించదు. అల్లుని లెక్కప్రకారము అది ఒక మీటరు యెత్తున్న అరుగుమీదినుండి పడుటతో సమానము. నాటి తల్లికి పట్టీలు అక్కఱలేకపోయినను నేటి తల్లికి అక్కఱయగుటకు కారణ మింతే: అరుగు మేడయైనది.

ఆదివారము ఉదయమున చలి యింకను విడువలేదు. మనుమరాలికి దళసరి కోటు తొడుగబోగా అమ్మాయి వారించెను. కోటుపై పట్టీ బిగించినచో బిగిసినట్లు కనబడును గాని, దెబ్బ తగిలినప్పుడు దూది అణగి పట్టీ వదులగును. కావున కోటు విప్పి, పట్టీలు వ్రేళ్లకు మడత చిక్కనంతగా బిగించి, పైన దుప్పటి కప్పిరి. బండి కదలిపోవుచుండగా అల్లుడు వీథిలో నిలిచి కనబడునంతవఱకు చూచెను. బండినా, బిడ్డలనా యని మేమడుగలేదు.

రైలు గంటన్నరకు పైబడి కొండలెక్కుచు, దేవదారుచెట్ల నడుమ పోయి మమ్ము ఫ్రాయిడెన్‌స్టాట్‌లో దింపెను. ఆ పేరునకు ఆనందపట్టణమని యర్థము. 1599లో వ్యుర్టెంబెర్గ్ ప్రభువు ఫ్రీడ్రిఖ్ ఆజ్ఞపై హైన్రిఖ్ షిక్‌హార్ట్ అను శిల్పి దీనిని నిర్మించెను. సోదరీమణులు దీని నమూనా వినినచో నవ్వుకొందురు. ఇది మనము అరుగులపై సుద్దతో గీచి గవ్వలతోను గింజలతోను ఆడుకొను దాడి ఆట పలక! ఒక చదరములో మఱియొక చదరముగా ఇండ్ల వరుసలు, నడుమ ఖాళీస్థలము. ఆ నడుమ కట్టదలచిన కోట యెన్నడును కట్టబడలేదు. అది జర్మనీలోని సంతమైదానములలోకెల్ల పెద్దదిగా పేరొందినది. ఒక మూలనున్న దేవాలయము మూలమట్టమువలె రెండు చేతులుగా నున్నది. పూర్వము ఒక చేత పురుషులు, వేఱొక చేత స్త్రీలు ఒకరికొకరు కనబడకుండ కూర్చుండి, మూలనున్న బోధకుని మాత్రము అందఱును చూచెడివారట. 1945 ఏప్రిల్‌లో యుద్ధమున ఊరి నడిభాగము కాలిపోగా, కొలదియేండ్లలోనే మరల కట్టుకొనిరి.

ఆ మైదానపు చావడిక్రింద అమ్మాయి మాకంటె ముందే చేరి నిలిచియుండెను. చంటివాడు త్రోవపొడుగునను నిద్రించెనట. మనుమరాలు నీటిచిమ్ముల నడుమ పరుగులిడుచుండెను. మేము తెచ్చిన పులిహోర తిని, సాయంకాలమువఱకు అచ్చటనే గడపితిమి.

తిరుగుప్రయాణమున అమ్మాయి తనంతట తానే చంటివానిని మా చేతికిచ్చి, "రైలులో నీ యొడియే వానికి చాలునమ్మా. నీవు తీసికొని రమ్ము" అనెను. తొట్టి విప్పి వెనుకగుంటలో నుంచి, పట్టీతో బిగించిరి. ఆ ముందు ఆసనమున అల్లుడు మోకాళ్లు మడచుకొని కూర్చుండెను. అంతలో ఆమె "చెవి త్రిప్పితిరా?" అని యడిగెను. పెద్దవారు కూర్చుండినప్పుడు గాలితిత్తిని మరల పనిచేయించవలెను గదా! ఆతడు నాలుక కఱచుకొని త్రిప్పెను. బండి అమ్ముమాట మరల రాలేదు.

మన దేశముననుగూడ 2019 నాటి మోటారుచట్ట సవరణ ప్రకారము, పదునాలుగేండ్లు నిండని బిడ్డను బెల్టుగాని తగిన ఆసనముగాని లేక కారులో తీసికొనిపోయినచో వేయిరూపాయల జుల్మానా కలదు. కాని పుట్టింటినుండి బాలింతను పంపునప్పుడును, పెండ్లికి తరలునప్పుడును చంటిబిడ్డను ముందు ఆసనమున ఒడిలో నుంచుకొనుట మన యిండ్లలో నేటికిని చూచుచునే యున్నాము. చీర, సారె సిద్ధపఱచునాడే తొట్టియు సిద్ధపఱచుడని అమ్మమ్మలకును నాయనమ్మలకును మా మనవి. కొనుటకుముందు మీ బండిలో పెట్టి, ఊపి, బిడ్డను కూర్చుండబెట్టి చూడుడు.

ఆ రాత్రి రైలులో మనుమడు మా యొడిలో నిద్రించెను. స్టుట్‌గార్ట్ చేరువఱకు మేము కాలు కదపలేదు.