అసలూ కొసరూ

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదైనా, తార్నాక టీకొట్ల దగ్గరైనా చారిత్రక నవలల మాట వస్తే ఒక ఆక్షేపణ తప్పదు: అసలు కథ ఉండగా కొసరు కథలెందుకు? నా లెక్కలో రుచంతా కొసరులోనే ఉంది. రుద్రమదేవినే తీసుకోండి. నోరి నరసింహశాస్త్రి ఆమె పేరుతోనే నవల రాశారు. నన్నయ కాలపు ‘నారాయణభట్టు’కూ ఎఱ్ఱన కాలపు ‘మల్లారెడ్డి’కీ నడుమ నిలిచేది అది. అడివి బాపిరాజు మాత్రం అదే కాలంలోంచి ఒక సామంతుణ్ణి ముందుకు తెచ్చి ‘గోన గన్నారెడ్డి’ రాశారు. 2015 నాటి ‘రుద్రమదేవి’ సినిమాలోనూ గన్నారెడ్డికి ఈలలు బాగానే పడ్డాయి. (సినిమా చరిత్ర కాదనుకోండి.) రాణి చుట్టూ శాసనాల కంచె ఉంటుంది. సామంతుడి గురించి తెలిసింది తక్కువ, కనుక రచయితకు చోటెక్కువ.

అలాగైతే చరిత్ర కల్తీ కాదా అంటారు. నవలను పరీక్ష కోసం చదివితే అవుతుంది. కానీ చరిత్రనైనా అంతా పెద్దవాళ్లే చెప్పారా? రుద్రమ మరణం గురించి మనకు చెప్పింది నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం. 1289లో దాన్ని వేయించింది రాజకుటుంబం కాదు, పువ్వుల ముమ్మడి అనే బంటు. రాణితోపాటు సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం దక్కాలని భూమి దానమిచ్చాడు. ఆ ముమ్మడి మీద ఎవరైనా నవల రాస్తే ముందుగా కొనేవాళ్లలో నేనుంటాను.