రెండు బాధలు, ఒక కాగితం

మన కొండల్లో నొప్పిని గట్టిగా చెప్పుకునే అలవాటు తక్కువ. పోడు పని ఆగదు, జీడి తోట ఆగదు. సదరం శిబిరంలో డాక్టరు "ఎలా ఉంది?" అని అడిగితే మనవాళ్లు "ఇయ్యాల బాగానే ఉంది బాబూ" అంటారు. అది నిజమే. కానీ నిన్నటి బాధ కాగితం మీదికి ఎక్కదు.

ఉమ్మడి విజయనగరం జిల్లా ఏజెన్సీలో, 2022 నుంచి పార్వతీపురం మన్యం అంటున్న ఈ ప్రాంతంలో, సికిల్ సెల్ జబ్బు మనకు కొత్త కాదు. కొడవలిలా వంగిన రక్తకణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. కొందరికి తుంటి ఎముక దెబ్బతింటుంది, కొందరికి చూపు తగ్గుతుంది. ఒక్కరికే రెండూ రావచ్చు. ఈ వారం మంచం పట్టించిన నొప్పి వచ్చే వారం కొండ ఎక్కనిస్తుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో సికిల్ సెల్ ఉంది, ఒకటికి మించి వైకల్యాలు ఉండటమూ ఉంది. 40 శాతం ఉంటేనే పింఛను. 2024 జులై నుంచి అది నెలకు 6,000 రూపాయలు.

మా పెదనాన్న కాలు ఒక్కటే చూపించి వచ్చారు. కంటి సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. శాతం చాలలేదు.

రెండు వైకల్యాలుంటే శాతాలను నేరుగా కూడరు. కాలికి 30, చూపుకి 20 అనుకుందాం. 90లోంచి పెద్ద అంకె 30 తీసేస్తే 60. దాన్ని 20తో గుణించి 90తో భాగిస్తే సుమారు 13. ఆ 13ను 30కి కలిపితే 43. విడివిడిగా ఏదీ 40కి చేరదు, రెండూ రాస్తేనే చేరుతుంది. అమెరికాలో మాజీ సైనికులకూ ఇలాంటి లెక్కే ఉంది: 50, 30 కలిస్తే 80 కాదు, 65. దాన్ని 70గా రాస్తారు. మొదటి జబ్బు తీసుకోగా మిగిలిన శక్తి నుంచే రెండోది తీసుకుంటుందని ఆ లెక్క ఉద్దేశం.

కాబట్టి చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెద్దవాళ్లను ఒంటరిగా పంపకండి. నొప్పి వచ్చిన రోజులు, రక్తం ఎక్కించిన రోజులు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ఆసుపత్రి చీటీలు దాచండి. దరఖాస్తు రోజే అన్ని బాధలూ చెప్పించండి. సవర, కువి మాత్రమే వచ్చినవాళ్ల మాట డాక్టరుకు తెలుగులో చెప్పండి.

మాస్టార్లకు మా మనవి ఒకటే. శాతాల పాఠం చెప్పేటప్పుడు లాభనష్టాల లెక్కల పక్కన ఈ లెక్క కూడా బోర్డు మీద వేయండి. మన పిల్లలకు ఇంట్లో అక్కరకొచ్చే లెక్క ఇది.