భుజాన మోసిన బండ

పిల్లలూ! దున్నపోతంత బండరాతిని ఒక్క మనిషి భుజాన పెట్టుకొని చకచకా నడిచిపోతూ ఉంటే మీరెప్పుడైనా చూశారా? మేము చూశాము. హైదరాబాదులో జూబిలీహిల్స్‌ను ఆనుకొని ఫిలింనగర్ ఉన్నది కదా, అక్కడి వీధిలో.

మా మనుమడు నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "తాతయ్యా! ఆయన భీముడా?" అన్నాడు. భీముడు కాదు, సినిమాలకు సెట్టింగులు కట్టే పనివాడు. ఆ బండలో వెదురుబద్దలు, గోనెపట్ట, పైన ప్లాస్టరు పూత, ఆపైన బూడిదరంగు తప్ప మరేమీ లేదు. మావాడి ముఖం చూసి ఆయన నవ్వి, బండను దించి తాకమన్నాడు. వేలితో కొడితే డొల్లగా మోగింది.

"ఇక్కడ ఇన్ని నిజం రాళ్లు ఉండగా ఈ అబద్ధపు రాయి ఎందుకు?" అని అడిగాడు మావాడు.

"హీరోగారు ఎత్తి విసరాలి కదా బాబూ!" అన్నాడాయన. మావాడికి ఆ జవాబు చాలలేదు. సరే, నిజం రాయి దగ్గరకే పోదాం పదమని గుట్టవైపు నడిపించాను.

తెలుగు సినిమా పరిశ్రమ ఒకప్పుడు మద్రాసులో ఉండేది. మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలివచ్చింది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభించేనాటికి ఈ గుట్టల మీద మేడల కన్నా రాళ్లూ, తుప్పలూ, సీతాఫలం చెట్లే ఎక్కువ. ఆ రాళ్ల వయస్సు ఎంతో తెలుసా? సుమారు 250 కోట్ల సంవత్సరాలు! భూమి లోపల ఎంతో లోతున కరిగి ఉన్న పదార్థం నెమ్మదిగా చల్లారి గట్టి రాయి అయింది. దాని మీది పొరలన్నీ కోట్ల ఏండ్లపాటు గాలికి, వానకు అరిగిపోగా అది బయటపడింది. తరువాత ఎండకూ చలికీ పగుళ్లు వేసింది. పగిలిన ముక్కల మూలలు ముందు అరుగుతాయి గనుక అవి గుండ్రనయినాయి. ఒక బండ మీద మరొక బండ ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేటట్టు నిలబడి ఉంటే, ఎవరు పేర్చారా అని మనకు ఆశ్చర్యం వేస్తుంది. ఎవరూ పేర్చలేదు. చుట్టూ ఉన్నదంతా పోగా మిగిలినవే అవి.

కాని వాటిలో చాలా భాగం ఇప్పుడు లేవు. కంకరగా రోడ్ల కింద ఉన్నాయి, ఇళ్ల పునాదులలో ఉన్నాయి. రాయి కొట్టడం తేలిక పని కాదు. తరతరాలుగా ఆ పని చేస్తున్నవారు వడ్డెరలు. బండ మీద మంట పెట్టి, ఆ వేడికి పైపొర లేచేటట్టు చేస్తారు. లేదా వరుసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు దింపి, సమ్మెటతో ఒకదాని తరువాత ఒకటి కొడతారు. ఏ దెబ్బకు రాయి విచ్చుకుంటుందో వారికి చప్పుడును బట్టి తెలిసిపోతుంది! నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ విద్య లేదు. తరువాత మందు దట్టించి పేల్చడం వచ్చింది, కంకర మిషన్లు వచ్చాయి. ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టినది ఆ రాయే. అయితే రాతిధూళి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. ఒకసారి వచ్చినదంటే నయం కాదు.

గుట్ట పోతే నీటి దారి కూడా మారుతుంది. రాళ్ల మధ్య ఉండే మొరంలోకి వాననీరు కొంత ఇంకుతుంది. మిగిలినది పల్లానికి పోయి చెరువు చేరుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు తాగునీరు ఇచ్చిన దుర్గం చెరువు ఈ రాళ్లగుట్టల నడుమనే ఉన్నది. గుట్టను చదును చేసి సిమెంటు పరిస్తే, ఇంకవలసిన నీరు వీధుల వెంట ఉరుకుతుంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నేను హెడ్మాస్టరుగా ఉన్న ఒక బడి ఆవరణలో పెద్ద జారుడుబండ ఉండేది. పిల్లలు చెట్టు కింద కూర్చుని చదువుతున్నారు, రెండు గదులు కావాలి, డబ్బు చాలదు. బండను కొట్టిస్తే పునాదికి రాయి ఊరికే వస్తుందన్నారు. సరేనన్నాను. మిగిలిన రాయి అమ్మితే వచ్చిన డబ్బు జమ వైపు రాశాను. ఖర్చు వైపు రాయవలసినది ఏమీ కనిపించలేదు. సెలవుల తరువాత ఒకటో తరగతి పిల్ల వచ్చి, "సార్, మా బండేదీ?" అని అడిగింది. గదులు చూపించాను. ఆ పిల్ల గదులవైపు చూడనే లేదు. బండ మీది గుంటలో వాననీరు నిలిచేది, పిచ్చుకలు వచ్చి తాగేవి. అదీ పోయిందని వేసవిలో గాని నాకు తోచలేదు. గదులు అవసరమే; ఇప్పుడైనా కట్టించేవాణ్ణే. కాని బండకు ఇరవై గజాలు ఇవతల కట్టించేవాణ్ణి.

మావాడు ఇదంతా విని, కాలితో రోడ్డును తట్టి, "కంకర గుట్టలో దొరుకుతుంది, మరి తారు ఎక్కడ తవ్వుతారు?" అన్నాడు. మన రోడ్ల తారు ముడిచమురును కాచి పెట్రోలు, కిరోసిన్ తీసేసిన తరువాత అడుగున మిగిలేది. అయితే తారును నిజంగానే తవ్వే చోటు ఒకటున్నది. కెనడా దేశంలో అల్బెర్టా రాష్ట్రం, అథబాస్కా నది పక్కన. అక్కడ ఇసుకకే తారు అంటుకొని ఉంటుంది. పైన ఉన్న అడవిని కొట్టి, ఇసుకను తవ్వి, వేడినీటితో కడిగి చమురు తీస్తారు. సుమారు రెండు టన్నుల ఇసుక తవ్వితే ఒక పీపా, అంటే 159 లీటర్లు వస్తుంది. 1967లో పెద్ద ఎత్తున మొదలైన ఈ పని వేలాదిమందికి ఉద్యోగాలిచ్చింది. 2014లో చమురు ధర పడిపోవడంతో చాలామందికి ఆ ఉద్యోగాలు పోయినాయి కూడా.

కడిగిన నీరు మాటేమిటి? చమురు, మడ్డి కలిసిన ఆ నీటిని పెద్ద పెద్ద చెరువులుగా నిలవ చేస్తారు. 2008లో అది మంచి చెరువే అనుకొని వాలిన బాతులు సుమారు 1,600 చచ్చిపోయినాయి. నీళ్లు కాచడానికి గ్యాసు మండించాలి, దాని పొగ వేరే. నది దిగువన చేపలు పట్టి బ్రతికే ఆదివాసులకు నీటిని గురించి ఎప్పుడూ బెంగే.

తవ్విన నేలను తిరిగి బాగుచేసి అప్పగించాలని అక్కడ చట్టమున్నది. పని మొదలైన నలభైయొక్క సంవత్సరాలకు, 2008లో, బాగుపడినదని ప్రభుత్వం మొట్టమొదటగా ఒప్పుకున్న నేల 104 హెక్టారులు. అంటే సుమారు 257 ఎకరాలు. మన జూబిలీహిల్స్ అంచున ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఇంతకన్నా పెద్దది!

"అయితే మనమూ గుట్టను బాగుచేసి పెట్టవచ్చు కదా?" అన్నాడు మావాడు.

"వాళ్లు మట్టి పోసి చెట్లు నాటారురా. రాతికి విత్తనం ఎక్కడ తెస్తాం?" అన్నాను.

ఈ రాళ్లను కాపాడాలని కొందరు 1996లో ఒక సంఘం పెట్టుకున్నారు. నగర వారసత్వ సంపదల జాబితాలో కోటలూ మహళ్లతోపాటు కొన్ని రాళ్లకు కూడా చోటు దొరికింది. ఫిలింనగర్ దగ్గర ఉన్న ఒకదానికి రాక్షసుడి పేరు, జూబిలీహిల్స్‌లో ఒకదానికి పుట్టగొడుగు పేరు పెట్టారు.

మేము ఎక్కినదానికి పేరేమీ లేదు. రెండు మేడల మధ్య చిక్కుకొని ఉన్నది. పొద్దు వాలినా దానికి ఎండవేడి తగ్గలేదు. మావాడు అరచేయి ఆనించి, వేలితో కొట్టి చూశాడు. చప్పుడే లేదు. తరువాత నా చెయ్యి వదిలి, ఏటవాలుగా ఉన్నవైపు నుంచి సర్రున కిందికి జారాడు. అలా ఏడుసార్లు జారేసరికి నిక్కరు చిరిగింది. ఇంటికి వచ్చిన తరువాత వాళ్లమ్మకు జవాబు చెప్పుకోవడం నా వంతయింది.