ఇంటిలో తుపాకి యుండవలసిన చోటు

పాఠశాల సంచికలో తుపాకిని గూర్చిన వ్యాసమేల యని చదువరులలో గొందఱు శంకింపవచ్చును. కారణము చెప్పెదము. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ భవనమునకు ప్రారంభోత్సవము జరిగినది మొదలు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందలి బండనేల క్రమముగా అద్దాల మేడలతో నిండిపోయినది. మేడలు వచ్చిన చోటికి ధనమును, ధనము వచ్చిన చోటికి బ్యాంకులును, బ్యాంకుల వెంట సాయుధులైన కావలివారును వచ్చిరి. ఈ కావలివారిలో ననేకులు సైన్యమున పనిచేసి విరమించినవారు. వారి భుజమున వ్రేలాడు 12 బోరు తుపాకి తఱచుగా వారి సొంతసొమ్ము. లైసెన్సును వారి పేరనే యుండును. పగలు బ్యాంకు వాకిట నందఱును జూచుచుండు ఆ తుపాకి రాత్రివేళ ఎక్కడ నుండునో ఎవరును విచారింపరు. అది యుండు ఇండ్లనుండియే కొందఱు బాలబాలికలు ప్రతిదినము పుస్తకముల సంచితో బడులకు వచ్చుచుందురు.

మా బావగారు అట్టి కావలివారిలో నొకరు. హవల్దారు ఉద్యోగము విరమించి, లైసెన్సు సంపాదించి, జంటగొట్టముల తుపాకి నొకదానిని కొనిరి. కొండాపూరున పాత గ్రామభాగమందు రెండు గదుల అద్దె వాటాలో వారి కాపురము. అక్కగారు, బావగారు, కుమారుడు, కోడలు, ఏడేండ్ల మనుమడు, నాలుగేండ్ల మనుమరాలు, వెరసి ఆర్గురు. కుమారుడును కోడలును చెఱియొక కంపెనీకి పనికి బోవుదురు గనుక పగలంతయు పిల్లలు అక్కగారి యొద్దనే యుందురు. గత వేసవి సెలవులలో మేమచ్చటికి పోయినపుడు బావగారు, "మాస్టరుగారూ, తుపాకి కొక ఇనుపపెట్టె చేయింపవలెనని యున్నది. కొలతలు, లెక్కలు మీకు దెలిసినట్లు మాకు దెలియవు. కొంచెము తోడు రండు" అనిరి.

అంతవఱకు ఆ తుపాకి అటకమీద సైనికపు కంబళిలో జుట్టబడి యుండెను. తూటాలు వేఱుచోట, అక్కగారి రేకుపెట్టెలో నుండెను. ఈ సంగతి తమ ఇద్దఱికి దక్క మూడవవారికి దెలియదని బావగారి నమ్మకము. మేము ముప్పదియేండ్లకు సమీపముగా గాకున్నను, ఇరువదియేండ్లుగా పిల్లల నడుమ కాలము గడపినవారము. మా కా నమ్మకము కలుగలేదు. బాలుని పిలిచి, "నాయనా, తాతగారి తుపాకి ఎక్కడ నుండును?" అని యడిగితిమి. వాడు వ్రాయుచున్న పుస్తకమునుండి తల యెత్తకయే వ్రేలు పైకి జూపెను. "తూటాలో?" అంటిమి. "ఎఱ్ఱవి. నానమ్మ పెట్టెలో, పెండ్లిచీర క్రింద" అనెను. అటకక్రిందికి ముక్కాలిపీటను లాగుకొనివచ్చుట వానికి జెల్లెలు నేర్పెనో, చెల్లెలికి వాడు నేర్పెనో మాత్రము చెప్పలేదు.

బావగారు చాలసేపు మాటాడలేదు. తరువాత సైన్యమునందలి కోత్‌ను గూర్చి చెప్పిరి. కోత్ అనగా ఆయుధశాల. అచ్చట తుపాకులను వరుసగా నిలిపి గొలుసు వేసి తాళము బిగింతురట. పుస్తకమున సంతకము లేనిదే ఒక్కటియు గడప దాటదట. "అంతమంది శిక్షితులైన సిపాయిలున్నచోట అంత కట్టుబాటు! ఇద్దఱు పసివాండ్రున్నచోట కంబళి!" అని తమలో దామే అనుకొనిరి. ఇనుపపెట్టె దొంగలకొఱకని లోకము తలంచును. దొంగ వచ్చిన నెన్నడో యొకనాడు వచ్చును, రాకయు పోవచ్చును. పిల్లవాడు దినమంతయు ఆ ఇంటనే యుండును. వానికి సెలవులును గలవు.

మఱునాడు రాణిగంజి అంగళ్లకు బోయితిమి. అచ్చట అమ్మెడి చిన్న ఇనుపపెట్టెలు నగలకొఱకును, దస్తావేజుల కొఱకును చేయబడినవి. అడుగున్నర లోతు గలవియే అరుదు. బావగారి తుపాకిని కూర్చినపుడు దాని నిడివి రమారమి 4 అడుగులు. అయితే జంటగొట్టముల తుపాకికి ఒక సౌకర్యము కలదు. గొట్టములను, వాని క్రింది కొయ్యను, పిడిని మూడు భాగములుగా నూడదీయవచ్చును. అప్పుడు అన్నిటికంటె పొడవైనవి గొట్టములే. అవి 30 అంగుళములు. కావున నిలువెత్తు బీరువాతో పనిలేదు, 3 అడుగుల పెట్టె చాలును. ఊడదీసిన తుపాకి చేతబడినను దానిని వెంటనే పేల్చుటకు వీలుపడదు. ఇది రెండవ లాభము.

అంగడివాడు ఒక బట్టల బీరువాను జూపి దీనిలో బెట్టుకొనుడనెను. మామూలు బీరువాల రేకు మందము మిల్లీమీటరునకు అటునిటుగా నుండును. తలుపు సందున గట్టి ఇనుపకమ్మి దూర్చి వంచినచో అది లొంగును. రేకు మందమును గేజిలలో చెప్పునపుడు అంకె తగ్గినకొలది మందము హెచ్చునని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. 20 గేజి రేకు పలుచన, 10 గేజి రేకు మందము. తెలియనివారు పెద్ద అంకెను జూచి మోసపోవుదురు.

తుదకు బాలానగరునందలి యొక కమ్మరి కార్ఖానాలో చెప్పి చేయించితిమి. నిడివి 36 అంగుళములు, వెడల్పు 12, లోతు 10, రేకు 3 మిల్లీమీటర్లు. తలుపు కీలులు వెలుపలికి గనబడవు. లోపల ఒక మూలను తూటాలకు వేఱు అఱ, దానికి వేఱు తాళము. పెట్టె బరువెంత యగునో ముందుగా లెక్క వేసితిమి. ఆఱు ముఖముల వైశాల్యము 1824 చదరపు అంగుళములు. ఇనుము సాంద్రతతో గుణించిన 28 కిలోగ్రాములకు సమీపముగా వచ్చును. లోపలి అఱతో 30 అనుకొనవచ్చును. అనగా బలవంతుడైన మనుష్యుడొకడు పెట్టెను పెట్టెగానే భుజమున వేసికొని పోగలడు. గోడకు బిగింపని పెట్టె దొంగకు మూటగట్టి యిచ్చిన సొమ్మువంటిదని దీనివలన దేలుచున్నది గదా! ఎనిమిదవ తరగతివారు ఈ లెక్కను తామును వేసి చూడవచ్చును.

అంకెలు నొక్కి తెఱచెడి తాళమును పెట్టింతునని కార్ఖానావాడు పలుమాఱు చెప్పెను. బావగారు ఒప్పుకొనలేదు. వారి మనుమడు ఇంటిలోని నాలుగు ఫోనుల రహస్యసంఖ్యలను పెద్దల వ్రేళ్ల కదలికను జూచియే నేర్చుకొన్నవాడు. అట్టి తాళములు చెడ్డవని మేమనము. పుట్టినతేదీని సంఖ్యగా బెట్టుకొని, బ్యాటరీ అయిపోవునంతవఱకు దానిని మఱచియుండు వారికి మాత్రము తగవు.

చోటును నిర్ణయించుట పెట్టెను చేయించుటకంటె కష్టమైనది. ముందుగదిలో వలదంటిమి, వచ్చిపోవువారందఱి కన్నును దానిపై బడును, సామగ్రి తెచ్చి యిచ్చు కుఱ్ఱవాండ్రు దినమునకు నలుగురైనను వాకిట నిలుచుచుందురు. వంటయింటి ఆవిరి ఇనుమునకు శత్రువు. స్నానపుగది వెనుకగోడ ఎల్లకాలము చెమ్మగానుండును. పడమటి వెలుపలిగోడ వానకాలమున నీరు పీల్చును. మిగిలినది రెండు గదుల నడిమిగోడ. అది 9 అంగుళముల ఇటుకగోడ యగుట అదృష్టము. నేటి వాటాలలో అడ్డుగోడలను పెక్కుచోట్ల తేలికదిమ్మలతో 4 అంగుళముల మందమున గట్టుదురు. అట్టి గోడలో మేకు నిలుచునేగాని పెట్టెను బిగించు బోల్టు నిలువదు, బలముగా లాగిన దిమ్మతో గూడ ఊడివచ్చును. కోకాపేట, నానక్‌రాంగూడ ప్రాంతముల ఎత్తైన మేడలలో గోడలనే కాంక్రీటుతో పోతపోయుచున్నారు. అవి గట్టివేగాని ఆ గోడలే మేడను మోయునవి; అనుమతి లేక తొలువరాదు. ఇచ్చట ఇంటి యజమాని వృద్ధుడు. ఆయన మొదట జంకి, స్తంభమును ముట్టమని మాట యిచ్చిన పిదప సమ్మతించెను. గోడలోని బట్టల అలమరలో క్రింది అఱయందు, తలుపు వేసిన కనబడకుండునట్లు, నాలుగు బోల్టులతో పెట్టెను బిగించిరి.

ఇక తాళపుచెవి. దీనిని గూర్చి అక్కగారికిని బావగారికిని కొంత వాదము జరిగెను. తన యొద్ద నుంచుమని అక్కగారు, కూడదని బావగారు. లైసెన్సు ఇంటికి గాక మనిషికి ఇచ్చునది. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనివారు, భార్యయైనను కుమారుడైనను, ఆ తుపాకిని తమ స్వాధీనమున నుంచుకొనరాదు. కావున తుపాకి తాళపుచెవి బావగారి మొలత్రాటికి జేరెను. తూటాల చెవి వేఱొకచోట నున్నది, ఆ చోటు మాకును జెప్పలేదు. అక్కగారు అప్పుడొక ప్రశ్న వేసిరి: "మీకేమైన నైనచో?" ఇంటిలో నెవ్వరును అడుగ సాహసింపని ప్రశ్న అది. లైసెన్సుదారు మరణించినచో వారసులు తుపాకిని ఆలస్యము చేయక సమీప పోలీసు ఠాణాయందుగాని, లైసెన్సు గల ఆయుధవర్తకుని యొద్దగాని అప్పగింపవలెనని చట్టమునందే కలదు. కాని పెట్టె తెఱువ లేనిదే అప్పగించుట యెట్లు? రెండవ జత తాళపుచెవులను కవరులో బెట్టి, లక్క వేసి, అక్కగారి నగలున్న బ్యాంకు లాకరులో నుంచిరి. చేయవలసిన పనులను మేమొక కాగితమున దెలుగున వ్రాసి యిచ్చితిమి. లైసెన్సు సంఖ్య, అయిదేండ్లకొకమాఱు చేయింపవలసిన పునరుద్ధరణ తేదీ, ఠాణా పేరు అందులో నున్నవి. అక్కగారు దానిని కుటుంబ బైబిలులో, పుట్టినవారి పేర్లు వ్రాసికొనెడి పుట వద్ద దాచుకొనిరి.

విద్యార్థులకు వేఱుగా నొక మాట. మన నగరమువాడైన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సునందు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యపతకము గెలిచిన పిదపను, ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలనుండి స్వర్ణపతకముతో వచ్చిన పిదపను, మీలో గొందఱు ఎయిర్‌గన్ కొనిపెట్టుడని తండ్రులను వేధించుచున్నారని వినుచున్నాము. గుఱిపోటీ మంచి ఆట. మనస్సును నిలుపుట నేర్పును. అయితే తక్కువ శక్తి గల ఎయిర్‌గన్నులకు లైసెన్సు అక్కఱలేదు గనుక అది బొమ్మయని తలంపకుడు. 2022లో సంగారెడ్డి జిల్లాయందు ఎయిర్‌గన్ గుండు తగిలి నాలుగేండ్ల బాలిక ప్రాణము విడిచెను. ఆ బాలిక వయస్సును పత్రికలో జదివినపుడు మా కన్నులయెదుట నిలిచినది అక్కగారి మనుమరాలే. మీ స్నేహితుని ఇంట ఎట్టి తుపాకియైనను కనబడినచో ముట్టకుడు. ఖాళీయేనని వాడు చెప్పినను నమ్మకుడు. ఆ గది విడిచి వచ్చి పెద్దలకు జెప్పుడు. వాడు మిమ్ము పిఱికివాడని వెక్కిరించినచో మా యొద్దకు తోడితెండు.

తల్లిదండ్రులు మరల మరల అడుగుచున్నందున తుప్పును గూర్చియు చెప్పెదము. మూసిన ఇనుపపెట్టెలో వానకాలపు చెమ్మ నిలిచిపోవును. తోలుసంచిలోగాని కంబళిలోగాని తుపాకిని చుట్టి పెట్టెలో నుంచిన అవి తేమను పీల్చి గొట్టములకు బట్టించును. బావగారి కంబళి చేసిన మచ్చలు ఇంకను గలవు. ఉత్తగా బెట్టి, మందుసీసాలలో వచ్చు సిలికా జెల్ పొట్లముల వంటివే పెద్దవి నాలుగు ప్రక్కన నుంచిన మేలు. ఆ పొట్లములు తేమతో నిండిన పిదప మార్చవలెను.

నెలకొకమాఱు, పిల్లలు తల్లితో బజారునకు బోయినవేళ, బావగారు తలుపు గడియవేసి పెట్టెను తెఱచి, గొట్టములను నూనెగుడ్డతో దుడిచి, తూటాలను లెక్కించి, తేదీతో గూడ ఒక నోటుపుస్తకమున వ్రాసి సంతకము చేయుచున్నారు. ఆ పుస్తకమును ఎవరును అడుగరు, ఏ అధికారియు తనిఖీ చేయడు. పోయిన నెలలో మేము చూచినప్పుడు దానిలో తొమ్మిది సంతకము లుండెను.